ట్రాలీ వంతెనకి సిమెంటు బూట్లు: కోనసీమలో ఒక చెక్క ట్రెసిల్ మరమ్మతు

ఈ వంతెనకి ఎక్కువ నష్టం చేసింది దాన్ని కాపాడదామని పోసిన సిమెంటే. చెదలు, వరదలు, తుఫాన్లు తమ వంతు తిన్నాయి గానీ, మేం కోసి తీసేసిన చెక్కలో చాలా భాగం సిమెంటు పోసిన చోటే పుచ్చింది. చెక్క కట్టడాల పని చేసేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. కానీ మన వైపు ఇప్పటికీ గుంజ కాస్త మెత్తబడితే చాలు, మొదట గుర్తొచ్చే మందు సిమెంటే. అందుకని ఈ కేసు కాస్త వివరంగా రాస్తున్నా.

అమలాపురం దాటి సముద్రం వైపు దిగితే, శివారు భూముల్లో, పంట కాలవ గట్టుకి దగ్గర్లో ఒక పాత రైస్ మిల్లు ఉంది. మిల్లు ఆగిపోయి చాలా కాలమైంది, స్థలం మాత్రం ఆ కుటుంబం చేతిలోనే ఉంది. కాలవకీ మిల్లుకీ మధ్య ఒక మురుగు డ్రెయిను అడ్డం. పడవల్లో వచ్చిన ధాన్యాన్ని రేవులో దింపి, బస్తాల్ని ట్రాలీల మీద మిల్లు లోపలికి తోసుకెళ్ళడానికి రెండడుగుల గేజి, అంటే 610 మిల్లీమీటర్ల పట్టాలు వేసుకున్నారు. ఆ పట్టాలు డ్రెయిను దాటడానికి అరవై అడుగుల చెక్క వంతెన. ఇంజను ఎప్పుడూ నడవలేదు, మనుషులే తోసేవారు. ట్రెసిల్ అంటే ఇలా కాళ్ళ చట్రాల మీద నిలబడే వంతెన. కట్టుబడి చాలా సాదా: వరసగా కాళ్ళ చట్రాలు, ఒక్కో చట్రానికి మధ్యలో రెండు నిటారు కాళ్ళు, పక్కల రెండు ఏటవాలు కాళ్ళు, వాటి నెత్తిన ఒక అడ్డదూలం, చట్రం నుంచి చట్రానికి పొడుగు దూలాలు, ఆ పైన స్లీపర్లు, పట్టాలు. కాళ్ళని బంకమట్టిలోకి దిగ్గొట్టారు, కింద పునాది అంటూ ఏమీ లేదు.

గోదావరి మీద రైలు అనగానే అందరికీ 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన హేవలాక్ వంతెన గుర్తొస్తుంది. పట్టాలు మాత్రం ఇక్కడికి అంతకంటే చాలా ముందే వచ్చాయి. 1847-1852 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించేటప్పుడు క్వారీ రాయిని తోలింది పట్టాల మీదే, మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఆ తర్వాత, 1853లో. కోనసీమకి మాత్రం రైలు అందలేదు. కాకినాడ నుంచి 1928లో వేసిన లైను కోటిపల్లిలో, గోదావరికి అవతలి ఒడ్డునే ఆగిపోయింది, దాన్ని కూడా 1940లో యుద్ధం అవసరాలకని పీకేశారు, మళ్ళీ రైలు చూసింది 2004లో. అంచేత లంకల్లో, శివారు ఊళ్ళలో బరువు మోసింది కాలవలూ పడవలే. ఇలాంటి చిన్న ట్రాలీ లైన్లు ఆ పడవలకి తోకలు.

వంతెన ఎప్పటిదంటే మాత్రం తాతగారి హయాం అంటారు ఇంట్లోవాళ్ళు, కాగితం ఏదీ లేదు. పట్టా పక్కన అచ్చులో సంవత్సరం ఉంటుంది కదా అని చాలామంది అడుగుతుంటారు. ఉన్నా అది పట్టా పుట్టిన ఏడు, వంతెనది కాదు. తేలిక పట్టాలు ఒక చోట పీకి ఇంకో చోట వేసుకోవడం మామూలే కాబట్టి, ఆ అంకెని బట్టి ఆ పట్టా అంతకంటే ముందు ఇక్కడ లేదని చెప్పొచ్చు, అంతే. నేను నివేదికలో తేదీ వేయలేదు.

పరీక్షకి పెద్ద యంత్రాలేం వాడలేదు. అరకిలో సుత్తి, ఒక ఆరె, ఆరు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు, పిన్నుల తేమ మీటరు. సుత్తితో కొడితే గట్టి చెక్క ఖంగుమంటుంది, గుల్లబారిన చెక్క బోలుగా పలుకుతుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. రెండు చట్రాల్లో ఎప్పుడో పాత కాళ్ళు తీసేసి తాటి మొద్దులు పెట్టారు, అవి ఎక్కడ కొట్టినా బోలుగానే పలికాయి. తాటికి చేవ, అంటే గట్టి చెక్క, బయట ఉంటుంది, లోపలంతా మెత్తటి నార. మద్దికీ టేకుకీ చేవ లోపల, బయట తెల్ల చెక్క. కాబట్టి మద్ది కాలు గుల్లగా పలికితే భయపడాలి, తాటి కాలు పలికితే పైనున్న గట్టి పెంకు ఎన్ని అంగుళాలు మిగిలిందో ఆరెతో గుచ్చి చూసుకోవాలి. అన్నిటికీ ఒకే లెక్క రాసుకుపోతే బాగున్న తాటిని పీకేసి, పుచ్చిన మద్దిని ఉంచేసే ప్రమాదం ఉంది.

డ్రిల్లు సంగతి కూడా అంతే, చూడాల్సింది బెజ్జాన్ని కాదు, బయటికొచ్చే తురుముని. బాగున్న చోట తురుము చుట్టలు చుట్టుకుని పొడిగా వస్తుంది, బిట్టుకి ఒకే ఒత్తిడి తగులుతుంది. పుచ్చిన చోట బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోతుంది, నల్లటి తడి పొడి వస్తుంది. ప్రతి బెజ్జంలోనూ మందులో ముంచిన చెక్క సీల కొట్టి మూసేశాం, లేకపోతే పరీక్ష పేరుతో మనమే నీటికి దారి ఇచ్చినట్టు.

పై దూలాల్లో తేమ పదిహేను, పదహారు శాతం దగ్గర ఉంది. సముద్రపు గాలి తగిలే చోట అది మంచి అంకె. చెక్కని పుచ్చబెట్టే బూజుకి దాదాపు ఇరవై శాతం పైన తేమ కావాలి, ముప్పై దాటితే ఇక పండగే. దాంతో పాటు గాలీ కావాలి. అందుకే ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే చెక్క పుచ్చదు, ఎప్పుడూ పొడిగా ఉండే చెక్కా పుచ్చదు. చచ్చేది నీరూ గాలీ కలిసే ఆ రెండు మూడడుగుల మేర. సరిగ్గా అక్కడే ఈ వంతెనకి సిమెంటు పోశారు.

ఊళ్ళో వాళ్ళు వాటిని బూట్లు అంటారు. ఏదో వరద తర్వాత కాళ్ళు కదులుతున్నాయని, డబ్బాల్లాంటి ఫారాలు కట్టి నేల మట్టం నుంచి మోకాలెత్తు దాకా కాంక్రీటు నింపేశారు. పోసిన రోజు చెక్కకి అతుక్కున్నట్టే ఉంటుంది. తర్వాత చెక్క ఎండి కాస్త సన్నబడుతుంది, కాంక్రీటూ కాస్త కుంచించుకుంటుంది, రెండిటి మధ్యా గోరు దూరేంత సందు మిగులుతుంది. కాలి వెంట జారిన ప్రతి వాన చుక్కా ఆ సందులోకి దిగుతుంది. దిగింది మళ్ళీ బయటికి రాదు.

మొదటి బూటుని ఉలి, సుత్తెలతోనే పగలగొట్టించాను. బ్రేకరు పెడితే ఆ అదురుకి పక్క కాళ్ళు కూడా కదులుతాయి. పెచ్చు ఊడి రాగానే లోపల కాలు బయటికి మామూలుగానే కనపడింది, మద్ది రంగు కూడా పోలేదు. మేస్త్రి గారు బొటనవేలితో నొక్కారు, వేలు లోపలికి దిగిపోయింది. పైన వేలు మందం పెంకు, లోపలంతా తెల్లగా నార నారగా, తడి తడిగా, పిడికెడు తీసి పిండితే నీళ్ళు కారాయి. ఆ పైన ఒక జానెడు ఎత్తుకెళ్ళి కోస్తే రంపం పళ్ళు పట్టనంత గట్టి చేవ. అంటే నాలుగు దిక్కులా గాలి ఆడిన చోట కాలు నిక్షేపంగా ఉంది.

బూట్లు లేని చట్రం ఇంకో కథ. అక్కడ పుచ్చు తక్కువ, కానీ డ్రెయిను మధ్యలో ఉన్న కాళ్ళకి ఆటు దిగినప్పుడు కనపడే చోట సూది మొనంత బెజ్జాలు. ఒక కాలి నుంచి ముక్క తీసి నిలువునా చీలిస్తే పెన్సిలు లావు సొరంగాలు, లోపలి గోడకి తెల్లటి సున్నపు పూత. టెరిడో. ఓడ పురుగు అంటారు గానీ అది పురుగు కాదు, ఆల్చిప్పల జాతి జీవి, చిన్నప్పుడే చెక్కలోకి దూరి లోపలే పెరుగుతుంది, అందుకే బయట బెజ్జం ఎప్పటికీ చిన్నదే. మంచినీళ్ళలో బతకదు, ఉప్పు కావాలి. ఒకప్పుడు పంట కాలవల వాడకం నీళ్ళు ఈ డ్రెయిన్లోకి దిగుతూ ఉండేవి. ఇప్పుడు వేసవి వచ్చి కాలవలు కట్టేశాక పోటుతో సముద్రం నీరు పైదాకా వస్తోంది, చుట్టూ రొయ్యల చెరువులు కూడా వచ్చాయి. వంతెన కట్టిన నాటి డ్రెయిను వేరు, ఇప్పటి డ్రెయిను వేరు.

ఇక్కడికొచ్చేసరికి పెద్దాయన, మిల్లు యజమాని, అడగాల్సిన ప్రశ్నే అడిగారు: "ఇంజనీరు గారూ, ఇంత ఖర్చు పెట్టి ఆ కర్రలే ఉంచుతానంటారేంటండీ, స్లాబు వేసేస్తే మా మనవలు కూడా చూడక్కర్లేదు కదండీ?" వంద గజాల దూరంలో అదే డ్రెయిను మీదున్న కల్వర్టు దగ్గరికి తీసుకెళ్ళాను. అడుగున ఊచల్ని కప్పి ఉంచే కాంక్రీటు పొర ఊడిపోయి, ఊచలు తుప్పుతో ఉబ్బి కనపడుతున్నాయి. ఉప్పు నీటి దగ్గర ఆర్‌సీసీకి కూడా జబ్బులున్నాయి. పైగా దాన్ని ముక్కలు ముక్కలుగా మార్చలేం. చెక్క ట్రెసిల్లో పాడైన కాలు ఒక్కటే మార్చొచ్చు, మిగతా వంతెన ఆ పూట కూడా నిలబడే ఉంటుంది.

అసలు గొడవ ఇంకోటి: ఈ వంతెన ఇకమీదట ఏం మోయాలి? ట్రాలీ మోసిన వంతెన మనుషుల్ని మోయలేదా అని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే తిరగబడింది. డెబ్బై ఐదు కిలోల బస్తాలు పది, ట్రాలీ బరువుతో కలిపి సుమారు ఒక టన్ను. అదే సంక్రాంతికి ఊరంతా ఫొటోలకని ఎక్కిందనుకోండి, జనం కిక్కిరిస్తే చదరపు మీటరుకి 500 కిలోలు పట్టుకోవాలి. అరవై అడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు అంటే 22 చదరపు మీటర్లు, మొత్తం పదకొండు టన్నులు. పాత దూలాలు దానికి చాలవు. ఒకేసారి పది మందే ఎక్కాలి అని బోర్డు పెడదామన్నారు, బోర్డుని ఎవరు చదువుతారు? చివరికి నడిచే పలకల్ని రెండు పట్టాల మధ్య మాత్రమే వేసి, పక్కన రెయిలింగు పెట్టాం. వెడల్పు రెండడుగులకి తగ్గింది, బరువూ సగానికి దిగింది, పట్టాలు రెండు పక్కలా కనపడుతూనే ఉన్నాయి. దూలాల కింద ఇనుప గర్డర్లు దాచే అవసరం తప్పింది.

పోలిక కోసం వేరే చోట్ల ఏం చేశారో చూశాను. ఆస్ట్రేలియాలో 1900లో మొదలైన పఫింగ్ బిల్లీ లైనుకి 762 మిల్లీమీటర్ల గేజి, మన పర్లాకిమిడి లైట్ రైల్వేది కూడా అదే గేజి, అదీ 1900లోనే మొదలైంది. పఫింగ్ బిల్లీలో మన్‌బల్క్ వాగు మీద చెక్క ట్రెసిల్ ఉంది, ఇప్పటికీ దాని మీద ఆవిరి ఇంజను వెళ్తుంది. బండి నడవాలి కాబట్టి అక్కడ చెక్క మారుతూ ఉండక తప్పదు, ఆకారం, పద్ధతి నిలుస్తాయి. మన నౌపడా-గుణుపూర్ లైను, అంటే ఆ పర్లాకిమిడి లైనే, 2004లో నారోగేజి ఆపేసి బ్రాడ్‌గేజికి మారింది, అక్కడ లైను బతికింది, పాత గేజి పోయింది. మా వంతెన మీద ఏ బండీ నడవదు, కాబట్టి పాత చెక్కని ఎంత వీలైతే అంత ఉంచే వెసులుబాటు మాకుంది. చెక్క కట్టడాల మీద ఐకోమోస్ (పాత కట్టడాల పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ) సూత్రాలు 2017లో మన ఢిల్లీ సమావేశంలోనే ఆమోదించారు. వాటిలో నాకు బాగా పనికొచ్చేది ఒకటి: కొత్తగా వేసిన ముక్కకి కంటికి అడ్డం రాకుండా ఒక గుర్తు పెట్టండి. మేం కొత్త ముక్కలన్నిటికీ లోపలి వైపు ఎర్రగా కాల్చిన ఇనుముతో సంవత్సరం ముద్ర వేశాం. రేపెవరైనా తేదీ కోసం వెతికితే ఇబ్బంది పడరు.

చెక్క ఎక్కడ దొరికింది? గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు పడగొడుతున్నారు కదా, ఆ దూలాలు. బాధాకరమే గానీ, దశాబ్దాలుగా నీడపట్టున ఆరిన మద్ది, టేకు అలా తప్ప దొరకడం లేదు. కొనేటప్పుడు పాత కుసుల బెజ్జాలు, లోపల విరిగిన మేకులు చూసుకోవాలి, ఒక్క మేకు తగిలితే రంపం బ్లేడు పోయినట్టే. పై దూలాలకి మాత్రం బాగా ఆరిన చెక్కే కావాలి, పచ్చిది పెడితే ఎండి కుంచించుకుని బోల్టులన్నీ వదులవుతాయి. నీళ్ళలో ఉండే అడుగు ముక్కలకి ఆ పట్టింపు లేదు, పచ్చిదైనా నడుస్తుంది.

మందు గురించి ఒక మాట. చెక్కకి పట్టించే రాగి-క్రోమియం-ఆర్సెనిక్ మందు ప్రపంచమంతా వాడింది, దాన్ని 1933లో కనిపెట్టింది డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం గారు. ఇంటిపేరు చూసి ఎవరో మనవాడే అని మొదటిసారి చదివినప్పుడు భలే సంబరపడ్డాను. అయినా ఇక్కడ వాడలేదు. డ్రెయిను నీళ్ళు చెరువుల్లోకి వెళ్తాయి, చేలల్లోకి వెళ్తాయి, ఆర్సెనిక్ వద్దనుకున్నాం. అమెరికాలో కూడా ఇళ్ళ అవసరాలకి దాన్ని 2003 చివరికల్లా మానేశారు. మేం నీటి మట్టానికి పైన కాళ్ళలో బోరాన్ కడ్డీలు దిగేశాం. చెక్క తడిస్తేనే కరిగి లోపలికి పాకుతాయి, పొడిగా ఉంటే కదలవు, అంటే అవసరం వచ్చినప్పుడే పనిచేస్తాయి. పారే నీళ్ళలో పెడితే మాత్రం కొట్టుకుపోతాయి.

పని వేసవిలో, కాలవలు కట్టేశాక చేశాం. ఒక్కసారి ఒక్క కాలే. సరుగుడు బాదులు, ఇసక బస్తాలు, స్క్రూ జాకీలతో అడ్డదూలాన్ని కాస్త ఎత్తి పట్టడం, బూటు పగలగొట్టడం, పుచ్చిన మేర కోసేయడం, కింద కొత్త ముక్క. అతుకు ఎక్కడ పెట్టాలన్నది మేస్త్రి గారికీ నాకూ కాస్త వాదన. తాళ్ళరేవు వైపు పడవలు కట్టిన చెయ్యి ఆయనది, అతుకు ఎప్పుడూ పొడుగ్గా, వాలుగా ఉండాలంటారు. పడవకి అది సరే, అక్కడ చెక్క వంగుతుంది. ఇక్కడ కాలు మీద బరువు నిట్టనిలువునా కిందికి దిగుతుంది, వాలు అతుకు పెడితే ఒకదాని మీదొకటి జారాలని చూస్తాయి. సగం సగం కోసి కలిపి, రెండు చివర్లూ చదరంగా ఒకదాని మీదొకటి కూర్చునేలా చేద్దాం, బోల్టులు పట్టుకోవడానికే గానీ మోయడానికి కాదు అన్నాను. "అయితే ఆ చదరం మీద నీళ్ళు నిలుస్తాయి కదా బాబూ" అన్నారు. ఆయన మాటా నిజమే. మోసే ముఖం చదరంగానే ఉంచి, బయటి అంచున నీరు జారేలా చిన్న వాలు చెక్కారు. అన్ని అతుకులూ పెద్ద పోటు మట్టానికి పైనే. బోల్టులు 316 స్టెయిన్‌లెస్. మద్దిలో టానిన్ ఎక్కువ, మామూలు ఇనుము పెడితే అది బోల్టునీ తినేస్తుంది, చుట్టూ చెక్కా నల్లబడి చస్తుంది.

టెరిడో కాళ్ళకి ఏం చేశామంటే, పురుగు పెద్దగా తినని వాటికి రొయ్యల చెరువు అడుగున పరిచే హెచ్‌డీపీఈ షీటు చుట్టాం, బురదలో అడుగున్నర లోతు నుంచి పోటు మట్టం పైదాకా, రెండు చివర్లా బిగించి. లోపల నీరు నిలిచిపోయి ఆక్సిజన్ అయిపోతే పురుగు చస్తుంది. ఇది చూసి ఒక కుర్ర ఇంజనీరు, సిమెంటు నీరు పట్టి ఉంచిందని పగలగొట్టించి మీరే ప్లాస్టిక్ చుడుతున్నారేంటి సార్ అన్నాడు. తేడా ఎత్తులో ఉంది. ఎప్పుడూ నీళ్ళలో ఉండే చోట గాలి ఆపితే చెక్కకి మేలు, నీరూ గాలీ దోబూచులాడే చోట నీరు పట్టి ఉంచితే చేటు. షీటు పై అంచు ఆ రెండో మేరలోకి కాస్త వస్తుంది, అది తప్పదు, అందుకే బోరాన్ కడ్డీలు సరిగ్గా ఆ అంచుకి పైన పెట్టాం.

పైభాగంలో పని తక్కువే. కాళ్ళ నెత్తిన, దూలాల కొసల్లో జింకు రేకు టోపీలు, చెక్కకి ఆనకుండా సన్న సందుతో. దూలాల మీద పూసిన పాత తారు గీకేశాం. మూలల్లో పేరుకున్న మట్టి, అందులో మొలిచిన రావి మొక్కలు తీసేశాం.

బరువు తర్వాత నాకు నిజంగా టెన్షన్ పెట్టింది గుర్రపుడెక్క. వరద రోజుల్లో అది ఎకరాల కొద్దీ తెప్పలా వచ్చి కాళ్ళకి అడ్డం పడి, వెనక నీటిని ఆపి, వంతెనని పక్కకి నెడుతుంది. ఏటవాలు కాళ్ళు ఉన్నది ఇలాంటి పక్క తోపుకే, అయినా డ్రెయిను వెడల్పంతా మూసుకుపోతే వాటి వల్ల కాదు. ఎగువన వెదురు బొంగుల తెప్ప ఒకటి ఐమూలగా కట్టించాం, డెక్క దానికి ఆగి గట్టు వైపు చేరుతుంది, అక్కడి నుంచి తీసేయడం తేలిక. ఎవరు తీస్తారన్నది పెద్దాయన ఒప్పుకున్న పని, శ్రావణంలో గోదావరికి ఎర్రనీళ్ళు రాకముందే ఒకసారి, తర్వాత అవసరాన్ని బట్టి.

మరమ్మతు అయ్యాక ఒక వానాకాలం గడిచింది. కొత్త అతుకుల దగ్గర తేమ మీటరు అంకెలు బాగానే ఉన్నాయి, రెండు చోట్ల బోల్టులు మళ్ళీ బిగించాల్సి వచ్చింది. కల్వర్టు వైపు నుంచి మూడో చట్రం మాత్రం ఒక పక్కకి వేలెడు దిగింది. ఆ కాలు పాతదే, కోసినది కాదు. కింద మట్టి కోసుకుపోయిందా, లేక కాలు అడుగున ఇంకా చూడని పుచ్చేమైనా ఉందా అన్నది పైనుంచి తెలియదు. అన్ని చట్రాల మీదా రాగి మేకులతో మట్టం గుర్తులు పెట్టి ఉంచాం. ఈ వేసవి కాలవలు కట్టేయగానే ఆ కాలి చుట్టూ తవ్వి చూస్తాం, కోత అయితే గోనె సంచుల్లో రాయి నింపి పరుస్తాం, పుచ్చు అయితే దానికీ కింద కొత్త ముక్కే. అప్పటిదాకా మిల్లు వైపు గేటుకి తాళం.